మెయిన్ బోర్డులోని టెస్ట్ బటన్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ టెస్ట్ బటన్ గారికి, హైదరాబాదు నగర గృహస్థుల పక్షాన నమస్కరించి వ్రాయునది ఏమనగా:

మేమిక్కడ క్షేమము. మీరక్కడ క్షేమమని తలుస్తాము. తలచుకోవడం తప్ప వేరే దారి లేక కాదు. మిమ్మల్ని ఒక్కసారి వేలితో నొక్కితే మీ క్షేమసమాచారం అర సెకను లోపే తెలిసిపోతుంది. కాని కూకట్‌పల్లి నుంచి వనస్థలిపురం దాకా ఎన్నో ఇళ్లలో, తలుపు వెనకనో, చెప్పుల స్టాండు పైనో, దేవుడి క్యాలెండరు చాటునో ఉన్న, ఇంటి కరెంటును గదులకు పంచే డీబీ బాక్సులో మీరు ‘టి’ అనే ఒక్క అక్షరాన్ని నుదుట రాయించుకుని నిలబడి ఉండగా, మేము మీ ఎదుటి నుంచే రోజూ చెప్పులు తొడుక్కుని వెళ్తున్నాము తప్ప మిమ్మల్ని పలకరించిన పాపాన పోలేదు. మీ మీద కోపం ఉండి కాదు. కరెంటు లీకైతే సరఫరా తెంచే ఆర్‌సీసీబీ అనే పరికరం పని చేస్తున్నదో లేదో పరీక్షించే బటన్ మీరేనని మాలో చాలామందికి తెలియదు.

తెలిసిన కొద్దిమందికి మీరంటే భయం. మిమ్మల్ని నొక్కితే ఇల్లంతా కరెంటు పోతుంది. వైఫై ఆగుతుంది, ఒక గదిలో మాదాపూర్ కంపెనీ వారి మీటింగు తెగుతుంది, ఇంకొక గదిలో సీరియల్ అత్తగారు నోరు తెరిచే సమయానికి తెర నల్లబడుతుంది, ఇంటిల్లిపాదీ హాల్లోకి వచ్చి ఒకరి ముఖం ఒకరు చూసుకోవలసిన పరిస్థితి ఏర్పడుతుంది. మీట తిరిగి పైకి ఎత్తితే అన్నీ వచ్చేస్తాయని మాకు తెలుసు. అయినా ఇంత కుటుంబ సంక్షోభాన్ని కోరి తెచ్చుకోవడం దేనికని, మీరు పని చేస్తున్నారనే నమ్మకంతోనే కాలక్షేపం చేస్తున్నాము. ఆ నమ్మకానికి ఆధారం ఏమిటని అడగకండి. ఇంతవరకు ఎవరికీ ఏమీ కాలేదు కదా అన్నదే మా ఆధారం.

మీ యజమాని ఆర్‌సీసీబీ గారిది, నిజం చెప్పాలంటే, జమాఖర్చులు సరిచూసే గుమాస్తా ఉద్యోగం. ఫేజు మీదుగా ఇంట్లోకి ఎంత కరెంటు వెళ్లిందో, న్యూట్రల్ మీదుగా అంతా తిరిగి వచ్చిందో లేదో లెక్క చూడడమే ఆయన పని. రెండు తీగలూ ఒకే వలయం గుండా సాగుతాయి కాబట్టి, వెళ్లినదీ వచ్చినదీ సమానంగా ఉన్నంతకాలం వాటి అయస్కాంత ప్రభావాలు ఒకదానికొకటి చెల్లిపోతాయి. తేడా వచ్చిందంటే ఆ మేరకు కరెంటు మరో దారిన, అంటే గీజరు ట్యాంకు నుంచో, వాషింగ్ మెషీన్ రేకు నుంచో, తడికాళ్లతో నిలబడిన మనిషి నుంచో, భూమిలోకి పోతున్నదన్న మాట. ఆ తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే 300 మిల్లీ సెకన్ల లోపు ఆయన పడిపోవాలి, అంటే తన మీట దించేసి కరెంటు తెంచేయాలి. అందుకు అయిదు రెట్లయితే 40 మిల్లీ సెకన్లలోనే పడిపోవాలి. 30 మిల్లీ ఆంపియర్లంటే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు వాడుకునే కరెంటు కన్నా తక్కువే. అంత స్వల్పమైనది కూడా మనిషి ఒంట్లో కొంతసేపు నిలిస్తే కండరాలు బిగుసుకుని ఊపిరి అందకుండా చేయగలదు. ఆయన పక్కనే వరుసలో నిలబడి, మోతాదు మించిన కరెంటు పారినా షార్ట్ అయినా తెంచే ఎంసీబీలకు ఈ లెక్కతో సంబంధం లేదు. ఇళ్లలో సాధారణంగా కనిపించే వాటిలో చిన్నది 6 ఆంపియర్లది. అంటే మీ యజమాని మేల్కొనే మోతాదుకు 200 రెట్లు. మనిషికి షాక్ కొడుతున్నంతసేపూ ఎంసీబీ దృష్టిలో ఇంట్లో ఇంకో చిన్న బల్బు వెలిగినట్టే లెక్క.

బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యులు చార్లెస్ డల్జీల్ గారు, కరెంటు తీగను పట్టుకున్న చేయి ఎంత మోతాదు దాకా తనంతట తాను వదలగలదో స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన మనుషులపై కొలిచి చూసి, 1961లో అమెరికాలో ఈ జాతి పరికరానికి రూపం ఇచ్చారు. మన దగ్గర ఆ ప్రయోగం ఇంకా ముగియలేదు. చలికాలం తెల్లవారుజామున ప్లాస్టిక్ బకెట్టులో హీటరు రాడ్డు వేసి, స్విచ్చి ఆపకుండానే నీళ్లు వేడెక్కాయో లేదో వేలు ముంచి చూసే అమీర్‌పేట హాస్టలు కుర్రవాళ్లు దానిని నిరాఘాటంగా కొనసాగిస్తున్నారు.

మీ యజమాని ఎప్పుడో ఒకసారి తన విధి తాను నిర్వర్తిస్తాడు. గీజరు ఎలిమెంటుకు పగులు పడితేనో, ముసురు పట్టిన రోజు బాల్కనీ ప్లగ్గులోకి జల్లు కొడితేనో, ఇన్వర్టరు పెట్టినవారు దాని న్యూట్రల్‌ను ఇంకొక సర్క్యూట్ న్యూట్రల్‌తో కలిపేస్తేనో, ఆయన పడిపోతాడు. మళ్లీ ఎత్తితే మళ్లీ పడిపోతాడు. అప్పుడు మేము ఎలక్ట్రీషియన్ను పిలుస్తాము. తప్పు ఎక్కడుందో తెలియాలంటే ఎంసీబీలన్నీ దించి, ఒక్కొక్కటే ఎత్తుతూ, ఏది ఎత్తినప్పుడు పడుతున్నదో చూడాలి. అదీ తేలకపోతే బోర్డులు విప్పి న్యూట్రళ్లు విడదీయాలి. దానికి ఓపిక కావాలి, ఆ ఓపికకు మేము కూలి ఇవ్వాలి. కాబట్టి ఆయన పావుగంటలో పని ముగించి, స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుంటూ, “ఇది ఊకెనే పడుతున్నది సార్, డైరెక్ట్ ఇచ్చేసిన, ఇగ మీకు పరేషాన్ లేదు” అంటాడు. మేము సంతోషించి టీ ఇప్పిస్తాము. ఆ తరువాత మీ యజమాని బోర్డులో ఉంటాడు గాని ఆయన గుండా కరెంటు పోదు. కొత్తగా వచ్చిన అద్దెవారికి మాత్రం ఇంటి యజమాని ఆయనను వేలెత్తి చూపించి, మా ఇంట్లో సేఫ్టీకి ఏ లోటూ లేదని చెబుతాడు.

డైరెక్ట్ ఇవ్వడం మోటు పని అనుకునే మర్యాదస్థులకు ట్రూప్ బజారులో మరొక మార్గం దొరుకుతుంది. 30 మిల్లీ ఆంపియర్లది మాటిమాటికీ పడుతున్నదని అక్కడికి వెళ్లి 300ది అడిగి తెచ్చుకుంటారు. 300ది పెద్ద లీకేజీ వల్ల నిప్పు పుట్టకుండా ఇంటి మొదట్లో కాపలా కాయడానికి ఉద్దేశించినది. మనిషి ప్రాణం దాని పరిధిలోకి రాదు. అయినా అది పడదు కాబట్టి మంచిదని పేరు తెచ్చుకుంది. ఎంసీబీల విషయంలోనూ మా న్యాయం ఇదే. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ మీద 16 ఆంపియర్ల ఎంసీబీ వేసవిలో రెండో ఏసీకి తట్టుకోలేక పడిపోతే, దాని స్థానంలో 32 ఆంపియర్లది బిగించి, పైపులో తీగ వేడెక్కినా గోడ బయటికి చెప్పదులే అని ఫ్యాను కింద నిశ్చింతగా పడుకుంటాము.

మీలోనూ కొన్ని పరిమితులు ఉన్నాయని ఈ సందర్భంలో మనవి చేయక తప్పదు. మిమ్మల్ని నొక్కినప్పుడు మీరు లోపలి చిన్న రెసిస్టరు గుండా కొంత కరెంటును దొంగదారిన పంపి మీ యజమానిని పరీక్షిస్తారే గాని, ఇంటికి ఎర్తింగ్ ఉన్నదో లేదో మీకు తెలియదు. ఈ ఊరు రాతి మీద ఉన్నది. గ్రానైటులో గొయ్యి తవ్వి, పైపు దింపి, బొగ్గూ ఉప్పూ వేసి కట్టిన ఎర్త్ పిట్ వేసవిలో ఎండిపోతే దాని నిరోధం పెరుగుతుంది. అందుకే పైన మూత పెట్టి, అప్పుడప్పుడు నీళ్లు పోయమంటారు. మా అపార్ట్‌మెంట్లలో ఆ మూత మీద పార్కింగ్ టైల్స్ పరిచి, టైల్స్ మీద కారు పెట్టి, కారు మీద కవరు కప్పి ఉంచాము. ఎర్తింగ్ సరిగా ఉన్న ఇంట్లో గీజరు లీకవుతున్న క్షణానే మీ యజమాని పడిపోతాడు. ఎర్తింగ్ లేని ఇంట్లో లీకేజీ ఉన్నదని ఆయనకు తెలియాలంటే ముందు ఎవరో ఒకరు ఆ కుళాయి పట్టుకోవాలి. ఒకే మనిషి ఫేజునూ న్యూట్రల్‌నూ రెండు చేతులతో పట్టుకుంటే మాత్రం వెళ్లినది వెళ్లినట్టే తిరిగి వస్తున్నది కాబట్టి, మీ యజమాని లెక్కల్లో ఏ తప్పూ కనిపించదు.

తీగను బిగించే టెర్మినల్ దగ్గర వదులైన స్క్రూ గురించి కూడా మీకు గాని, ఎంసీబీలకు గాని సాధారణంగా కబురు అందదు. అది లోలోపలే వేడెక్కి, ప్లాస్టిక్‌ను గోధుమ రంగులోకి మార్చి, కాలిన వాసన వేస్తుంది. మెయిన్ ఆపించి ఏడాదికొకసారి ఆ స్క్రూలు బిగింపజేస్తే పోయే దానికి మేము అగరుబత్తి వెలిగిస్తాము. 2025 మే 18 ఉదయం చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌజ్‌లో ఒకే ఇంట మంటలు లేచి 17 మంది చనిపోయారు, వారిలో పసిపిల్లలూ ఉన్నారు. షార్ట్ సర్క్యూట్ కారణమై ఉంటుందని అధికారులు ప్రాథమికంగా చెప్పారు. ఈ వాక్యంలో వ్యంగ్యం వెతకవద్దు. ఆ వారం నగరంలో చాలామంది తమ బోర్డుల వైపు ఒకసారి చూశారు. చూడడంతోనే ఊరుకున్నారు.

ప్రభుత్వం తన వంతు చేయలేదని అనడానికి వీల్లేదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో వెలువరించిన భద్రతా నిబంధనలు ఎర్త్ లీకేజీ రక్షణ పరికరం గురించి స్పష్టంగానే మాట్లాడాయి. పరికరాన్ని బిగించమని నిబంధన చెప్పగలదు గాని, ఇంటాయన వేలు పట్టుకుని మీ మీద పెట్టించలేదు కదా!

మిమ్మల్ని మేము పూర్తిగా మరిచిపోయామని మాత్రం నిష్ఠూరాలాడకండి. ఏటా దసరాకు ఆయుధపూజ నాడు బండికీ, మిక్సీకీ, మోటారు స్టార్టరుకూ పెట్టినట్టే మీ బాక్సుకూ పసుపు రాసి కుంకుమ పెడుతున్నాము. కొందరు భక్తి కొద్దీ బొట్టును సరిగ్గా మీ మీదనే పెడతారు. అది ఎండి, పైన దుమ్ము పేరుకుని, మీ ఒంటి మీది అక్షరం కనిపించకుండా పోయింది. ఏళ్ల తరబడి కదలని యంత్రంలో గ్రీజు గట్టిపడి, మీట బిగుసుకుపోయి, అవసరమైన నాడు పడవలసినది పడకుండా నిలబడిపోయే ప్రమాదం ఉంది కాబట్టే తయారీదారులు మిమ్మల్ని కొందరు నెలకొకసారి, కొందరు మూడు నెలలకో ఆరు నెలలకో ఒకసారి నొక్కమంటారు. కరెంటు ఉన్నప్పుడే నొక్కాలి, నొక్కి వెంటనే వదలాలి. మెయిన్ పడిపోతే మీట ఎత్తి ఎవరి పని వారు చూసుకోవచ్చు. పడకపోతే మాత్రం ఆర్‌సీసీబీని మార్పించాలి. మంచి కంపెనీది రెండు మూడు వేల రూపాయల్లో వస్తుంది. ఇంట్లో ఎవరి ఫోను పగిలినా అద్దం మార్పించడానికి అంతే ఇచ్చి, రసీదు కూడా అడగకుండా వస్తున్నాము.

పై విషయాలన్నీ మా అపార్ట్‌మెంటు అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో విన్నవించగా, వచ్చే ఆదివారం ఉదయం 11 గంటలకు అన్ని ఫ్లాట్లలోనూ మిమ్మల్ని ఏకకాలంలో నొక్కాలని సూత్రప్రాయంగా నిర్ణయమైనది. అదే సమయానికి క్రికెట్ మ్యాచ్ ఉన్నదని మూడో అంతస్తు వారు, శ్రావణమాసం పూర్తయ్యాక చూద్దామని రెండో అంతస్తు వారు, తమ ఇంట్లో ఎలక్ట్రీషియన్ ముందే డైరెక్ట్ ఇచ్చాడు కాబట్టి తమకు మినహాయింపు ఇవ్వాలని పెంట్‌హౌస్ వారు అభ్యంతరాలు తెలిపి ఉన్నారు.

ఇట్లు,
తమ విధేయులు,
ఫ్లాటు యజమానులు మరియు అద్దెదారులు,
హైదరాబాదు.

తా.క.: పై అభ్యంతరాలను పరిశీలించడానికి ఒక ఉపసంఘాన్ని వేశారు. ఆ ఉపసంఘం నివేదిక ఇచ్చేలోగా ఎవరి గీజరైనా లీకైన పక్షంలో, దయచేసి తామే చొరవ తీసుకోవలసినదిగా తమ యజమాని గారికి తెలియజేయగలరు.