దోమ దసరా దాకా ఆగదు

పెత్రమాసకు, అంటే బతుకమ్మ మొదలయ్యే భాద్రపద అమావాస్యకు, వారం ముందు మా నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు ఏ ఊరికి పోయినా ఇళ్లల్లో ఉండాల్సిన సామానంతా వాకిట్లోనే కనిపిస్తుంది. బొంతలు, చెద్దర్లు బోరు దగ్గరికో వాగు గట్టుకో పోతాయి. అటుక మీది ఇత్తడి బిందెలు కిందికి దిగి చింతపండుతో తళతళలాడతాయి. పొడుగు కట్టెకు చీపురు కట్టి మూలమూలనా బూజు దులుపుతారు. ఎంగిలిపూల బతుకమ్మ పొద్దుకు ఇల్లు కడిగిన ముత్యంలా ఉంటుంది. ఆ సందడి నాకు ఇప్పటికీ ఇష్టమే. కానీ డెంగీ జ్వరాలు ముదిరేది వానలు మొదలయ్యాక, జూలై నుంచి సెప్టెంబర్ దాకా. మనం ఇల్లు కడిగే పండుగ వచ్చేసరికి ఎన్నో ఇళ్లల్లో ఆ జ్వరం వచ్చి, ఆస్పత్రి బిల్లు కట్టించి పోయి ఉంటుంది.

మన శుభ్రత లెక్క ఇక్కడే తప్పుతోందని నా అభిప్రాయం. మనం పండుగలను బట్టి ఇల్లు శుభ్రం చేసుకుంటున్నాం. రోగం మాత్రం వారాల లెక్కన నడుస్తుంది.

డెంగీని మోసే ఏడిస్ దోమకు మురికికాలువతో పెద్దగా పనిలేదు. వాడుకోవడానికి మనం పట్టిపెట్టుకున్న మంచినీళ్లే దానికి పురిటిగది. గుడ్డు పొదిగి ఎగిరే దోమ కావడానికి మన వానకాలపు వెచ్చదనంలో సుమారు 8 నుంచి 10 రోజులు పడుతుంది. ఏడో రోజుకల్లా ఆ నీళ్లు మారితే ఆ సంతతి అక్కడికి సరి. అయితే నీళ్లు పారబోస్తే పని అయిపోయిందనుకుంటాం, అదే పొరపాటు. ఆడదోమ గుడ్లు పెట్టేది నీటి అంచుకు కాస్త పైన, తడి గోడకు అంటించి. డ్రమ్ము ఎండినా ఆ గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. అందుకే నీళ్లు పట్టిపెట్టుకునే గోలెమైనా, డ్రమ్మైనా, కూలరైనా ఒంపడంతో చాలదు, లోపలి గోడను పీచుతో గట్టిగా రుద్దాలి. ఈ దోమ దూరం ఎగరదు. పుట్టిన చోటికి కొన్ని వందల మీటర్లలోపే తిరుగుతుంది, పగటిపూట కుడుతుంది. మన పిల్లలను కుట్టిన దోమ చాలాసార్లు మన ఇంట్లోనో, పక్కింట్లోనో పుట్టినదే.

ఇది నేను చదివి తెలుసుకున్నదే కాదు, మా ఇంటి అనుభవం కూడా. రెండేళ్ల కింద మా చిన్నమ్మాయి డెంగీతో ఐదు రోజులు ఆస్పత్రిలో ఉంది. ప్లేట్‌లెట్ల సంఖ్య చెప్పడానికి నర్సు వచ్చినప్పుడల్లా మాకు గుండె జారిపోయేది. ఇంటికి వచ్చాక ఆశ కార్యకర్త వచ్చి, బాత్రూంలు, కుండీలు అన్నీ చూసి, చివరికి ఫ్రిజ్ వెనక కింద నీళ్లు కారి పడే ట్రే లాగి చూపించింది. అందులో తోకలాడిస్తూ దోమ పురుగులు. మాది రోజూ ఊకి, తడిబట్టతో తుడిచే ఇల్లు. వచ్చినవాళ్లు బండల మీద కాలు పెడుతూనే ఎంత శుభ్రంగా ఉంచుకున్నారు అనేవాళ్లు. ఆ ట్రే ఒకటుందన్న సంగతి మాకెవరికీ తెలియదు. కంటికి కనిపించే చోటును రోజూ రెండుసార్లు తుడిచి, కనిపించని చోటును ఏడాదికి ఒకసారైనా తాకకపోవడం ఎంత ప్రమాదమో ఆ రోజు తెలిసింది.

మా అమ్మ కాలపు గూనపెంకుల ఇంట్లో ఇలాంటి మరుపుకు చోటుండేది కాదు. మట్టి నేల వారం దాటితే పెళ్లలు లేస్తుంది, దుమ్ము రేగుతుంది, చీమలు పుట్టలు పెడతాయి. కాబట్టి గురువారం పొద్దుగూకే ముందు అమ్మ పేడా మన్నూ కలిపి ఇల్లంతా అలికేది. పొయ్యిగడ్డ రోజూ అలికేది. పొద్దున్నే వాకిలి ఊకి, సాన్పి చల్లి, ముగ్గు పెట్టాకే మిగతా పని. గోడలకు జాజు, సున్నం ఏడాదికి ఒకటి రెండుసార్లు. అలుకు గురించి ఇప్పుడు చాలామంది గొప్పగా రాస్తున్నారు, పేడ క్రిములను చంపేస్తుందని కూడా చెబుతున్నారు. నేను ఆ మాట నమ్మను. పేడలో క్రిములుంటాయి, ధనుర్వాతం సిద్ధబీజాలూ ఉండొచ్చు. చేతికి పుండుంటే పేడ పిసకొద్దని మా నాయనమ్మ ఊరికే అనలేదు. అలుకు ఇచ్చిన మేలు వేరు. అలికే మనిషి మోకాళ్ల మీద కూర్చుని వారానికోసారి ఇంటి నేలనంతా జానెడు జానెడు చేత్తో తాకుతుంది. తేలు దూరే బీటైనా, ఎలుక తవ్విన బొక్కైనా, చెమ్మ దిగిన మూలైనా ఆ రోజే బయటపడేది. స్లాబు ఇల్లు మనల్ని అలా వంచదు. బండలు పరిచాక నెలల తరబడి చూడకపోయినా నేల అలాగే ఉంటుంది. నిలబడి తుడిచే కర్ర వచ్చాక మంచం కిందికి, బీరువా వెనకకు చూపు పోవడమే తగ్గింది.

వారానికోసారి నీటి పాత్రలు ఆరబెట్టుకోమని ప్రభుత్వం చెప్పకపోలేదు. శుక్రవారం డ్రై డే అని ఆరోగ్య సిబ్బంది ఏళ్లుగా చెబుతున్నారు. 2020లో 'ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు' అని మున్సిపాలిటీలు పిలుపునిచ్చాయి. మంచి ఆలోచనలే. మరి ఇళ్లల్లో ఎందుకు నాటుకోలేదు? జనానికి బద్ధకమనే మాట నేను ఒప్పుకోను. నల్లగొండ మనిషికి నీళ్లు పారబొయ్యమని చెప్పడమంటే ఏమిటో ముందు అర్థం చేసుకోవాలి. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి మండలాల్లో తరాల తరబడి బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలను వంచేసింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించకూడని ఫ్లోరైడ్ ఇక్కడ అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని మన జిల్లా పేరే పెట్టారంటే బాధ ఎంతటిదో తెలుస్తుంది. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసి, ఆ తర్వాత మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు తెచ్చినా, నల్లా ఎప్పుడొస్తుందో, ఎంతసేపొస్తుందో అన్న గుబులు పోలేదు. పాలమూరులో అయితే నీళ్లు లేకనే ఊళ్లకు ఊళ్లు బొంబాయికీ పుణెకూ వలసపోయిన చరిత్ర. ఇంత కరువు చూసిన చేతులు బిందెడు నీళ్లు మోరీలో ఒంపడానికి ఎట్లా ఒప్పుకుంటాయి?

కాబట్టి పారబొయ్యండి అనే మాట మనకు పనికిరాదు, వాడి ఖాళీ చెయ్యండి అనాలి. మేము ఇంట్లో చేసుకున్న ఏర్పాటు ఇది. గురువారం రాత్రి నుంచి గోలెం నిండా పట్టడం ఆపుతాం. శుక్రవారం పొద్దున ఉన్న నీళ్లతోనే బట్టలు పిండి, ఆ సబ్బు నీళ్లతో బాత్రూం కడిగి, అడుగున మిగిలినవి చెట్లకు పోస్తాం. గోలెం ఖాళీ అవుతుంది, చుక్క కూడా వృథా పోదు. అప్పుడు లోపలి గోడ రుద్ది, కడిగి, గంటసేపు ఎండకు వదిలేస్తాం. మిగతా రోజుల్లో మూతికి పాత ధోతి గుడ్డ బిగించి కడతాం. రేకు మూత కంటే గుడ్డే మేలని నా అనుభవం, రేకు పక్కన దోమకు సందు ఎప్పుడూ ఉంటుంది. ఒంపడానికి వీల్లేని సంపుకు మూత సందు లేకుండా బిగించడం, పైపు నోటికి జాలీ కట్టడం తప్ప దారి లేదు.

ఇక బాత్రూం సంగతి. మన బోరు నీళ్లు చవుడు. నల్లా మీద, బకెట్ అంచున, అద్దం మీద తెల్లటి పొర గట్టిపడుతుంది. ఎంత సబ్బు రుద్దినా పోదు, ఎందుకంటే అది జిడ్డు కాదు, సున్నపు పొర. దాన్ని కరిగించేది పులుపే. నకిరేకల్ చుట్టూ ఇన్ని నిమ్మతోటలు పెట్టుకుని ఖరీదైన సీసాలు కొనడం నాకు బాధనిపిస్తుంది. పిండేసిన నిమ్మచెక్కను స్టీలు నల్లాకు రుద్ది, పది నిమిషాలు ఆగి కడిగితే కొత్తదానిలా వస్తుంది. వారానికోసారి చేస్తే చెక్క చాలు. ఏడాది వదిలేస్తేనే యాసిడ్ గుర్తొస్తుంది.

ఆ యాసిడ్ దగ్గరే మన ఇళ్లల్లో పెద్ద నష్టం జరుగుతోంది. మనం పరుచుకునే షాబాదు బండలు, తాండూరు బండలు సున్నపురాళ్లు. నల్లా మీది తెల్లపొర ఏ పదార్థమో బండ ముఖ్యంగా ఆ పదార్థమే, కాల్షియం కార్బొనేట్. పొరను తినే యాసిడ్ బండనూ తింటుంది. పోయగానే బుసబుసమని పొంగుతుంది చూడండి, మురికి పోతోందని సంతోషపడతాం కానీ కరుగుతున్నది బండ. మా పాత అద్దె ఇంట్లో నేనే ఆ పని చేశాను. పాలిష్ పోయి నేల గరుకైంది, గరుకులో మురికి ఇరుక్కుంది, మళ్లీ యాసిడ్ కావాల్సి వచ్చింది. ఇంటాయనకు కొత్త బండలకు డబ్బు కట్టి బయటపడ్డాను. నిమ్మచెక్క కూడా బండకు తగలనీయొద్దు. షాబాదు నేలకు మామూలు సబ్బు నీళ్లు, మెత్తటి బట్ట చాలు. సబ్బు పోయేదాకా మంచినీళ్లతో తుడిస్తే జారదు.

యాసిడ్ గురించి ఇంకో మాట, ఇది ప్రాణాల సంగతి. బ్లీచింగ్ పౌడర్ మీద యాసిడ్ పడితే క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపేసుకున్న చిన్న బాత్రూంలో అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. రెండూ కలిపితే ఇంకా బాగా పోతుందనే నమ్మకం చాలామందిలో చూశాను, దయచేసి ఎవరూ చెయ్యొద్దు. బ్లీచింగ్ ఒక్కటే వాడినా ముందు మురికి కడిగి తర్వాత వాడాలి. లేకపోతే క్లోరిన్ ఆ మురికితోనే ఖర్చయిపోతుంది, క్రిమి బతికే ఉంటుంది. మూత తీసి ఉంచిన బస్తాలో కూడా బలం మిగలదు. ఊళ్లల్లో రింగుల గుంతలకు కట్టిన మరుగుదొడ్లలోకి యాసిడ్, ఫినాయిల్ పదేపదే పోస్తే మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు చచ్చి, గుంత తొందరగా నిండుతుంది. రెండు రోజులకోసారి బ్రష్‌తో రుద్ది, బకెట్ నీళ్లు కొడితే వాసన రాదు.

దుమ్ము గురించి క్లుప్తంగానే చెబుతాను. మిర్యాలగూడలో రైస్ మిల్లుల ఊక బూడిద, వరి కోతలప్పుడు పల్లెల్లో హార్వెస్టర్ దుమ్ము, అన్నిటికంటే ముఖ్యంగా పడుకునే గదిలో కుప్పపోసిన పత్తి. ధర కోసం నెలల తరబడి పత్తిని ఇంట్లో ఉంచితే పిల్లలకు ఒళ్లంతా దురద, దద్దుర్లు. పత్తి ఉన్న గదిలో పండుకోవద్దు, ఆ గదిని పొడిచీపురుతో ఊకొద్దు, తడిబట్టతోనే తుడవాలి. ఎక్కడైనా ముందు ఫ్యాన్ రెక్కలు, తర్వాత అల్మారాలు, చివరికే నేల. నేల ముందు తుడిచి ఫ్యాన్ తర్వాత దులిపితే పని రెండింతలు.

పని రెండింతలు ఎవరికి అన్నదే అసలు ప్రశ్న. 2019లో దేశవ్యాప్తంగా చేసిన టైం యూజ్ సర్వే ప్రకారం ఇంటి పని చేసే ఆడవాళ్లు అప్పట్లో రోజుకు 299 నిమిషాలు దానికి పెట్టేవాళ్లు. చేసే మగవాళ్లు పెట్టింది 97 నిమిషాలు. అసలు ఇంటి పని ముట్టుకున్న మగవాళ్లే వందలో 26 మంది. మన దగ్గర ఈ అంకెల వెనక ఒక ముఖం ఉంది. తెల్లారి నాలుగింటికి లేచి, బాసన్లు తోమి, వాకిలి ఊకి, సద్ది కట్టుకుని నాట్లకో పత్తి ఏరడానికో పోయే మనిషి. సాయంత్రం వచ్చి మళ్లీ పొయ్యి దగ్గరికి. ఆమెకు వారానికోసారి ఫ్రిజ్ ట్రే కూడా కడుగు, గోలెం కూడా తోము అని కొత్త పట్టిక ఇస్తే అది సలహా కాదు, శిక్ష. శుభ్రత మీద వచ్చే ప్రతి ప్రకటనా, ప్రతి వీడియో ఆడమనిషితోనే మాట్లాడుతుంది. నాకు కోపం తెప్పించేది ఇదే. హాస్టల్లో తన కంచం తాను కడుక్కునే పిల్లవాడు సెలవులకు ఇంటికి రాగానే తిన్న కంచం అక్కడే వదిలి లేస్తాడు. ఆ కంచం మళ్లీ అమ్మ చేతికి అందకుండా చూడాల్సింది ఇంట్లో నాయన. తను లేచి తన కంచం కడిగితే పిల్లవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

మా ఇంట్లో పనులను మనుషులకు కాదు, రోజులకు కట్టాం. రోజూ చేసేవి మూడే. పొద్దున ఊకుడు, రాత్రి పడుకునే ముందు సింకు ఖాళీ చేసి మసిగుడ్డను సబ్బుతో పిండి దండెం మీద ఆరేయడం, చెత్త తడీపొడీ వేరు చేయడం. తడిగా ముద్దచేసి పడేసిన మసిగుడ్డ వంటింట్లో అన్నిటికంటే మురికి వస్తువు, దాంతోనే పిల్లల కంచం తుడుస్తాం. మంగళవారం బాత్రూంలు, నల్లాలు. శుక్రవారం నీళ్లు. ఆదివారం పక్కబట్టలు ఎండకు, ఒక్క గదికి మాత్రం మంచం జరిపి లోతైన పని, నాలుగు ఆదివారాల్లో నాలుగు గదులు తిరుగుతాయి. అట్లా చేశాక పోయిన పెత్రమాసకు మా ఇంట్లో బొంతలు పిండడం తప్ప పెద్ద పనేమీ మిగల్లేదు. నా భార్య చాలా ఏళ్ల తర్వాత తంగేడుపూలకు పిల్లలతో కలిసి తానే పోయింది.

గోలెం వంతు వారం వారం మారుతుంది. ఈ శుక్రవారం ఇంటర్ చదివే మా అబ్బాయిది. తోమి, బోర్లించి, తర్వాత వంగి ఫ్రిజ్ వెనక ట్రే లాగి చూశాడు. అందులో వేలి మందం నీళ్లున్నాయి. తీసుకుపోయి కరివేపాకు చెట్టు మొదట్లో పోసి, ట్రేను పీచుతో రుద్ది గోడ మీద ఎండకు పెట్టాడు.