హిందీ సినిమాకు టీకా పడింది

ముందుగా ఒక శుభవార్త. హిందీ సినిమాకి ఇక ఏ జబ్బూ రాదు. 2024 అక్టోబరులో కోవిడ్ టీకాల అదర్ పూనావాలా గారు వెయ్యి కోట్లతో కరణ్ జోహార్ ధర్మా ప్రొడక్షన్స్‌లో సగం వాటా తీసుకుంటున్నట్టు ప్రకటించారు. ఫ్లాపు అనే రోగానికి ఇంతవరకూ మందు లేదు కానీ, ఎవరైనా కనిపెడితే ఆ ఇంట్లోనే కనిపెట్టాలి.

నేను కార్పొరేట్లకి వ్యతిరేకిని కాను, ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది. 1998 దాకా మన ప్రభుత్వం దృష్టిలో సినిమా అసలు పరిశ్రమే కాదు. బ్యాంకుకి వెళ్లి సినిమా తీస్తాను అప్పివ్వండి అంటే మేనేజరు గారు మంచినీళ్లిచ్చి పంపేసేవారు. అందుకని బొంబాయి నిర్మాతలు వజ్రాల వ్యాపారుల దగ్గరికీ బిల్డర్ల దగ్గరికీ వెళ్లి, వడ్డీ ఎంతో గట్టిగా అడగకుండానే సంతకాలు పెట్టేవారు, అప్పుడప్పుడూ విదేశాల నుంచి వచ్చే మాఫియా ఫోన్లకి వణికేవారు. ఆ ఏడాది మే నెలలో సుష్మా స్వరాజ్ గారు పరిశ్రమ హోదా ప్రకటించారు, తర్వాత ఐడీబీఐ లాంటి చోట్ల అప్పు పుట్టడం మొదలైంది. ఫోన్లు పోయి పవర్‌పాయింట్ వచ్చింది. రెండిట్లో ఏది ఎక్కువ భయమో, రెండూ అనుభవించిన నిర్మాతే చెప్పాలి.

అయినా ఇది మరీ కొత్త సంగతేం కాదు. 1934లో హిమాంశు రాయ్ బాంబే టాకీస్ స్టూడియోని పెట్టిందే లిమిటెడ్ కంపెనీగా, డైరెక్టర్ల బోర్డుతో సహా. 'మొఘల్-ఎ-ఆజం'కి డబ్బు పోసిన షాపూర్జీ పల్లోంజీ గారిది భవనాలు కట్టే వ్యాపారం. దర్శకుడు కె. ఆసిఫ్‌ని నమ్మి ఏళ్ల తరబడి పోస్తూనే ఉన్నారు, చివరికి 1960లో బొమ్మ పడింది. అదే కథ పట్టుకుని ఆసిఫ్ గారు ఇవాళ ఏదైనా స్టూడియో ఆఫీసుకి వెళ్లారనుకోండి. ఏసీ గది, బల్ల చుట్టూ ఎనిమిది మంది, అందులో ఏడుగురు ఫోన్ చూసుకుంటూ ఉంటారు. మార్కెటింగ్ అమ్మాయి, అనార్కలిని గోడలో పెట్టి కట్టేయడం కుర్రాళ్లకి కనెక్ట్ అవుతుందా అని అడుగుతుంది. బ్రాండ్లు చూసే ఆయన, గోడ ఎలాగూ ఉంది కదా, సిమెంటు కంపెనీతో మాట్లాడమంటారా అంటాడు. ఓటీటీ వాళ్లు అక్బర్ వేషానికి ఎవరున్నారో తేలేదాకా రేటు చెప్పం అంటారు. ఆఖర్న, అప్పటిదాకా నోరు విప్పని పెద్దాయన ఫోన్ పక్కన పెట్టి, "సొరంగంలోంచి ఆ అమ్మాయి బతికి బయటపడింది కదా, అయితే సెకండ్ పార్ట్‌కి లీడ్ ఉన్నట్టే" అంటాడు. అందరూ రాసుకుంటారు.

మనవాళ్లకి లెక్కలు రావు, మేం నేర్పిస్తాం అని హాలీవుడ్ వాళ్లు కూడా దిగారు. 2007లో సోనీ వాళ్లు 'సావరియా' తీశారు, 2009లో వార్నర్ వాళ్లు 'చాందినీ చౌక్ టు చైనా' తీశారు. రెండూ పోయాయి. డిస్నీ 2012లో మన సినిమా కంపెనీ యూటీవీని మొత్తంగా చేతిలోకి తీసుకుని, 2016లో 'మొహెంజొదారో' తవ్వకాల్లో నష్టాలు బయటపడ్డాక హిందీ సినిమాలు తీయడమే మానేసింది. 2024లో దాని ఇక్కడి టీవీ, ఓటీటీ వ్యాపారం వెళ్లి రిలయన్స్‌తో కలిసిపోయింది. నేర్పడానికి వచ్చినవాళ్లు నేర్చుకుని వెళ్లారన్నమాట.

అసలు తమాషా హీరోల రేట్లలో ఉంది. 2007–08 ప్రాంతంలో షేర్ మార్కెట్ డబ్బుతో కంపెనీలు ఒకేసారి సంతలోకి దిగాయి. వాళ్లకి కథ తెలీదు, డైరెక్టర్లు తెలీదు, తెలిసిందల్లా పోస్టర్ మీది మొహం. ఒకరు పది అంటే ఇంకొకరు పదిహేను, అదీ ఒక సినిమాకి కాదు, గంపగుత్తగా నాలుగైదింటికి. కోడెల సంతలో కూడా పళ్లు చూసి బేరం ఆడతారు, ఇక్కడ అదీ లేదు. తర్వాత మార్కెట్ పడింది, కొన్ని కంపెనీలు చేతులెత్తేశాయి, రేట్లు మాత్రం ఎక్కిన మెట్టు దిగలేదు. హీరోలు కూడా తెలివి మీరి సొంత బ్యానర్లు పెట్టుకుని లాభాల్లో వాటా అడగడం మొదలెట్టారు. నష్టాల్లో వాటా ఎవరూ అడగలేదు పాపం, మొహమాటం కాబోలు. మేకప్‌కి ఒక వ్యాను, జిమ్‌కి ఒక వ్యాను, వంటకి ఒక వ్యాను. రిస్క్ తగ్గించడానికే కార్పొరేట్లు వచ్చాయి అంటారు కదా, నిజమే, హీరోగారికి రిస్క్ పూర్తిగా తగ్గిపోయింది.

మనమేం నవ్వక్కర్లేదు, నైజాం బయ్యర్ని అడిగితే ఇక్కడి రేట్ల గురించి కన్నీళ్లతో చెబుతాడు. కాకపోతే మనవైపు పొలం అమ్మి సినిమా తీసినవాడు మునిగితే పోయింది ఎవరి డబ్బో ఊరంతటికీ తెలుస్తుంది, కనీసం పలకరించడానికి పోతారు. అక్కడ మూడు నెలలకోసారి వచ్చే రిపోర్టులో ఒక లైను తగ్గుతుంది, అంతే. పలకరిద్దామంటే ఎవరింటికని వెళ్తాం?

మొన్న ఒక హిందీ సినిమాకి పోయాను, హైదరాబాద్‌లోనే, మాల్‌లో. యాప్‌లో చూస్తే వెనక వరసలన్నీ నిండిపోయాయి, ముందు నుంచి రెండో వరస దొరికింది. పాప్‌కార్న్ కొని, అంటే టిక్కెట్టు కంటే ఎక్కువ పెట్టి కొని, లోపలికెళ్తే మొత్తం పదకొండు మందిమి. మెడ విరిగేలా ఉందని వెనక్కెళ్లి కూర్చున్నా. టార్చిలైటు కుర్రాడొచ్చాడు.

"సార్, ఇవి బుక్ అయ్యాయి సార్."

"ఎవరూ లేరు కదా బాబూ?"

"కార్పొరేట్ బుకింగ్ సార్. కంపెనీ వాళ్లవి."

"వస్తారా వాళ్లు?"

"రారు సార్."

లేచి రెండో వరసకి వచ్చేశాను. ఇంటర్వెల్‌లో వెనక్కి తిరిగి చూస్తే కంపెనీ అలాగే నిండుగా కూర్చుని ఉంది.