గిరిసోల గైడు గారి న్యూయార్కు తనిఖీ

న్యూయార్కులో చారిత్రక గే బార్లు చూపించే నడక టూరొకటి చేసొచ్చాను. వాటి గురించి అభిప్రాయం చెప్పడానికి ఒడిశా బరంపురంలో రిటైరైన పెద్దమనిషికి అర్హత ఏమిటని కొందరు అడగొచ్చు. ముందు ఆ సంగతి తేల్చేద్దాం. నేను గైడుని. సర్టిఫికెట్టు లేదు గానీ అనుభవం ఉంది. 1995 జనవరిలో ఆంధ్రాలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఆ మధ్యకాలమంతా ఇచ్ఛాపురం, కవిటి, సోంపేటల నుంచి దిగే బంధువర్గానికి బరంపురం బార్లు చూపించే బరువు నా నెత్తిన పడింది. విడతకి ముగ్గురు నలుగురికి మించకుండా తీసుకెళ్లేవాణ్ణి. ఎక్కువమందైతే వెనక్కి వచ్చేటప్పుడు లెక్క తప్పుతుంది. చిన్న బృందమే మేలని ఇప్పుడు న్యూయార్కువాళ్లు కూడా కనిపెట్టి, దానికి టిక్కెట్టు పెట్టారు. నేను రెండు పెగ్గుల మీద చేశాను.

నా మొదటి యాత్రికుడు మా బావగారు, ఇచ్ఛాపురంలో మా అక్క భర్త. అప్పట్లో ప్రభుత్వ బడిలో మాస్టారు. బస్సు రాష్ట్రాల సరిహద్దులో ఉన్న గిరిసోల చెక్‌పోస్టు దాటేదాకా ఆయన తువ్వాలు తలమీద ఉండేది, దాటగానే భుజం మీదకి దిగేది. మనిషి అదే, దాహం అదే, సీసా మీద కాగితం కూడా అదే. రోడ్డు పక్కన బోర్డుల మీద తెలుగు పోయి ఒడియా వచ్చేసరికి నేరస్థుడు కాస్తా ఖాతాదారు అయిపోయేవాడు. ఆ గీతయినా బ్రహ్మ గీసిందేమీ కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఇచ్ఛాపురం, బరంపురం రెండూ మద్రాసువాళ్ల గంజాం జిల్లాలోనే ఉండేవి. మా తాత ఆ రోజు పొద్దున్న ఎప్పటిలాగే మగ్గం గుంటలో దిగాడట, ఎవరూ వచ్చి చెప్పలేదట.

అప్పటి మా బార్ల గురించి కూడా చెప్పాలి, ముందుముందు పనికొస్తుంది. నల్లటి అద్దాలు. అద్దాల వెనక తెర. తెర వెనక గుడ్డి బల్బు. లోపల చెక్కలతో గదులు, గదికో చిన్న తెర. గ్లాసులు కడగడానికి కౌంటరు కింద ఒకటే బకెట్టు, పొద్దున్న పట్టిన నీళ్లు రాత్రిదాకా. పేరడిగితే ఎవరూ సొంత పేరు చెప్పరు. మా బావగారు ఒడిశా గడ్డ మీద ఉన్నంతసేపూ ‘పట్నాయక్’.

ఒకసారి పక్క బల్ల దగ్గర బావగారి బడి హెడ్మాస్టరు గారే కూర్చుని ఉన్నారు. రెండు బల్లల మధ్య మూరెడు దూరం. మూడు పెగ్గులసేపు ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. మధ్యలో హెడ్మాస్టరు గారి చెయ్యి పొరపాటున మా పకోడీల ప్లేటులోకి వచ్చి రెండు తీసుకుని వెళ్లింది. అయినా చూడలేదు. సోమవారం బడిలో ఇద్దరూ నమస్కారాలు పెట్టుకున్నారు. ఎదురుగా ఉన్నదాన్ని చూడకుండా ఉండటం మా ప్రాంతంలో చదువుకున్నవాళ్లందరికీ వచ్చిన విద్య.

తిరుగు ప్రయాణంలో యాలక్కాయలు, ఆపైన కిళ్లీ. బస్సెక్కే ముందు బావగారు నా మొహం మీదకి ఊది, “వాసనొస్తోందేటోయ్?” అనేవారు. “లేదు బావా” అనేవాణ్ణి. కండక్టరు అడక్కుండానే కిటికీ పక్క సీటు ఇచ్చేవాడు.

ఇంత అనుభవంతో 2024 వేసవిలో అమెరికా వెళ్లాను. మా అమ్మాయి ఎడిసన్‌లో ఉంది. బావగారి రెండోవాడు, అంటే నా మేనల్లుడు, జెర్సీ సిటీలో ఉంటాడు. వాడికో రూమ్మేటు ఉన్నాడు. తొమ్మిదేళ్లుగా అదే రూమ్మేటు. మూడు ఇళ్లు మారారు, రెండు ఉద్యోగాలు మారారు, రూమ్మేటు మారలేదు. అక్కడ అద్దెలు భరించలేమని మా అక్క చెబుతుంది. ఇద్దరివీ సాఫ్ట్‌వేరు జీతాలే అయినా అద్దె అద్దేగదా.

ఆగస్టులో ఓ శనివారం వాళ్లిద్దరూ వచ్చారు. “మామయ్యా, ఓ టూరుంది. నడిచి తిరగాలి. చారిత్రక బార్లు” అన్నాడు మేనల్లుడు. చరిత్ర అంటే నాకు గౌరవం. పాత్ రైలెక్కి క్రిస్టఫర్ స్ట్రీట్‌లో దిగి మెట్లెక్కి పైకొచ్చాక వీధి నిండా ఇంద్రధనుస్సు రంగుల జెండాలు కనిపించాయి. ఏదో ఎన్నికలనుకున్నాను. మేం ముగ్గురం కాక టెక్సాస్ దంపతులు, జర్మనీ నుంచి ఒక పెద్దావిడ. గైడు ముప్పై ఏళ్ల కుర్రాడు. వాడు మొదటి వాక్యంలోనే విషయం చెప్పేశాడు. నేను కంగారు పడలేదు. అప్రయత్నంగా టోపీ కాస్త ముందుకి లాక్కున్నాను, అంతే. తెలుగు సంఘంవాళ్లు శనివారాలు ఎక్కడెక్కడ తిరుగుతారో ఎవరికి తెలుసు? మేనల్లుడు చూసి నవ్వాడు. తువ్వాలు కాలం నాటికి వాడికి ఐదేళ్లు. “ఇక్కడ చెక్‌పోస్టు లేదు మామయ్యా” అన్నాడు.

మొదట జూలియస్ అనే బారు. వేవర్లీ ప్లేస్ మూలమీద ఉంది, ఎప్పుడో 19వ శతాబ్దం నాటి సరుకు. 2022లో నగరం వాళ్లు దాన్ని వారసత్వ కట్టడంగా ప్రకటించారు. ఎందుకంటే 1966 ఏప్రిల్ 21న అక్కడ ఒకరికి మందు పొయ్యలేదు. మందు పోసినందుకు బోర్డు పెట్టిన బారు నేనెరగను గానీ పొయ్యనందుకు పెట్టడం మరీ విచిత్రంగా తోచింది. గైడు వివరించాడు. అప్పట్లో ఆ రాష్ట్రం మద్యం అధికారుల లెక్కలో గే మనిషి గుమ్మంలోకి వస్తే చాలు, ఆ బారులో ‘అల్లరి’ జరిగినట్టు. లైసెన్సు పోతుంది. సరే తేల్చుకుందామని గేల హక్కుల కోసం పనిచేసే మాటషీన్ సొసైటీకి చెందిన ముగ్గురు సూటూ టైలతో, పత్రికలవాళ్లని వెంటబెట్టుకుని బయల్దేరారు. మేము గే, బుద్ధిగానే ఉన్నాం, బుద్ధిగానే ఉంటాం, మాకు మందు పొయ్యండి అని ఒక కాగితం రాసుకున్నారు.

నా వృత్తి అనుభవంతో చెబుతున్నాను, అంత నిర్భాగ్యపు బార్ల యాత్ర ఇంకోటి ఉండదు. అనుకున్న మొదటి చోట, ముందే కబురు తెలిసి తలుపులు మూసేశారు. రెండోచోట కాగితం చదివితే మేనేజరు నవ్వి, పొయ్యమన్నాడు. మూడోచోటా పోశారు. నేరం చేద్దామని తిరుగుతుంటే ఎవరూ సహకరించరే! నాలుగోది జూలియస్. దాని మీద కొత్తగా పోలీసు కేసు పడి ఉంది కాబట్టి వాళ్లు భయంతో ఉంటారని లెక్క. లెక్క తప్పలేదు. బార్‌టెండర్ గ్లాసు పెట్టాడు, మాట విన్నాడు, గ్లాసు మీద అరచెయ్యి మూశాడు. ఆ క్షణాన్ని ఫోటో తీశారు. ఆ ఫోటోలో చెయ్యిని చాలాసేపు చూశాను. అది కోపంతో పెట్టిన చెయ్యిలా లేదు. జీతంగాడి చెయ్యి. ఆంధ్రాలో నిషేధం వచ్చిన మొదటివారం ఇచ్ఛాపురం షాపువాడు షట్టరు దించుతూ మా బావగారి వైపు చూడలేక పక్కకి తిరిగాడట, అలాంటిది.

నా గ్లాసు మీద ఎవరూ చెయ్యి పెట్టలేదు. రేటు చూశాక రెండోదాని మీద నేనే పెట్టుకున్నాను.

అక్కణ్ణించి స్టోన్‌వాల్. 1969 జూన్ 28 తెల్లవారుజామున పోలీసులు పడితే, ఎప్పటిలా తలొంచుకుని వ్యానెక్కకుండా జనం తిరగబడిన చోటు. మరుసటి ఏడాది అదే తేదీన మొదటి ఊరేగింపు. ఈ సంగతులు అందరికీ తెలిసినవే. నాకు ఆసక్తి కలిగింది ఆ బారు నిర్వహణలో. నడిపింది మాఫియా. మద్యం లైసెన్సు లేదు. సభ్యుల క్లబ్బు అని చెప్పి గుమ్మం దగ్గర పుస్తకంలో సంతకం పెట్టించేవారు, అందరూ దొంగ పేర్లే రాసేవారు. కిటికీలకి లోపల చెక్కలు కొట్టి నల్లరంగు. మందులో నీళ్లు. కౌంటరు వెనక మాత్రం నీళ్ల కొళాయి లేదు, గ్లాసులు తొట్టిలో ముంచి తీసి మళ్లీ పొయ్యడమే. పోలీసులకి క్రమం తప్పకుండా కవరు వెళ్లేది. కవరు అనే మాట దగ్గర గైడు గొంతు తగ్గించాడు. మా భాషలో దాన్ని మామూలు అంటారని, అంత మామూలు విషయమని నేను వాడికి చెప్పాను.

ఇవన్నీ విన్నాక నాకు కళ్లు చెమర్చాయి. ఇది మా పాత బస్టాండు దగ్గరి బారే! నల్లద్దాలు, బకెట్టు, దొంగపేర్లు, కవరు, అన్నీ ఉన్నాయి. దీన్ని 2016 జూన్ 24న ఒబామా జాతీయ స్మారకం చేశాడు. 2024లో పక్కనే సందర్శకుల కేంద్రం కూడా తెరిచారు. మా దానికి ఇప్పటికీ మరుగుదొడ్డి లేదు. హెడ్మాస్టరు గారు పకోడీ తీసుకున్న బల్ల దగ్గర ఒక ఇత్తడి పలకయినా పెట్టించమని కార్పొరేషనుకి అర్జీ రాశాను, ఆ బల్ల మీద ఎవరూ కూర్చోలేదని సమాధానం వస్తుందని నాకు తెలుసు.

ఎదురుగా చిన్న పార్కు. అందులో జార్జ్ సీగల్ చేసిన తెల్లటి మనుషుల బొమ్మలు నాలుగు, 1992లో నిలబెట్టారు. ఇద్దరు మగవాళ్లు నిలబడి ఉంటారు, ఒకడి చెయ్యి ఇంకొకడి భుజం మీద. ఇద్దరు ఆడవాళ్లు బెంచీ మీద కూర్చుని ఉంటారు. నేను వాళ్ల పక్కన కూర్చుని ఫోటో దిగాను. ఫోటోలో నా వెనక నిలబడ్డ బొమ్మలు, వాటి పక్కన మేనల్లుడు, రూమ్మేటు పడ్డారు. యాదృచ్ఛికంగా వీళ్లూ అలాగే నిలబడ్డారు. ఫోటో కుటుంబం గ్రూపులో పెట్టాను. “పక్కన అంత తెల్లగా ఉన్నోళ్లెవర్రా, ఎండ తగల్లేదా?” అని అక్క అడిగింది. లోకజ్ఞానం ఉన్నవాణ్ణి కనక నేనింకేమీ గమనించలేదు.

చివరిది మేరీస్ క్రైసిస్, నేలమాళిగలో ఉంటుంది. అమెరికా స్వాతంత్ర్యం కోసం కలం పట్టిన థామస్ పెయిన్ 1809లో ఆ స్థలంలోనే చనిపోయాడట. లోపల ఒక పియానో, చుట్టూ కిక్కిరిసి జనం, అందరూ గొంతెత్తి నాటకాల పాటలు. ఒక్కరూ తాళం తప్పలేదు. మా రామమందిరం భజన బృందం ఏకాదశికి కూడా అంత భక్తిగా పాడటం నేను వినలేదు. రూమ్మేటు కుర్రాడికి పాటలన్నీ వచ్చు. మేనల్లుడికి రాకపోయినా పెదాలు కదిపాడు, మా బావగారు పెళ్లిళ్లలో మంత్రాలకి కదిపినట్టే.

తిరుగు రైల్లో గైడులాగా ఆలోచించాను. మన దగ్గరా ఈ చెక్‌పోస్టు ఉండేది. మగవాడూ మగవాడూ కలిస్తే నేరమనే సెక్షను, 1860 నాటి శిక్షాస్మృతిలో 377 అని దాని నంబరు. 2009 జులై 2న ఢిల్లీ హైకోర్టు గేటు ఎత్తింది. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు దించింది. 2018 సెప్టెంబరు 6న మళ్లీ ఎత్తింది. 2024 జులై 1న వచ్చిన కొత్త సంహితలో ఆ నంబరే లేదు. అంటే ఒక మనిషి ఇంట్లో కుర్చీలోంచి లేవకుండానే రెండుసార్లు గిరిసోల దాటాడు, ఒకసారి వెనక్కి కూడా వచ్చాడు. 2023 అక్టోబరు 17న పెళ్లి సంగతి అడిగితే మాత్రం, గేటు ఎత్తాం గానీ బస్సు మా చేతుల్లో లేదన్నారు. పాపమా పుణ్యమా అని మైదానంవాళ్లు చర్చించుకోనీ. సరిహద్దులో పుట్టినవాడికి ఆ ప్రశ్న రాకూడదు. ఏ వైపు నిలబడితే ఏ శిక్షో బస్సు టిక్కెట్టు ధరతో సహా మాకు తెలుసు.

తెలుసు గానీ ఒప్పుకోం. రెండేళ్లకోసారి మా ఊళ్లో ఠాకురాణి యాత్ర జరుగుతుంది. అమ్మవారిని పుట్టింటికి తీసుకొచ్చేది తెలుగు దేవాంగులే. మొక్కుకున్నవాళ్లు వేషాలు కడతారు. మీసం తీసేసి చీర కట్టి వచ్చిన మగవాడికి పసుపు నీళ్లతో కాళ్లు కడుగుతాం. యాత్ర ముగిసిన మర్నాడు అదే మనిషి కాస్త ఒయ్యారంగా నడిస్తే రాయి వెతుక్కుంటాం. నాటకాల్లో సత్యభామగా జడ విసిరిన స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ వచ్చిందని చెప్పుకుంటూనే వెతుక్కుంటాం. కాబట్టి బరంపురంలోనూ ఒక టూరు పెట్టాలని నా ప్రతిపాదన. దానికి టిక్కెట్టు అక్కర్లేదు, గైడూ అక్కర్లేదు. ప్రతి వీధిలోనూ ఒక మేడమీద వాటా ఉంది, అందులో ముప్పై ఏళ్లుగా కలిసి ఉంటున్న ఇద్దరు ‘దూరపు చుట్టాలు’ ఉన్నారు. వాళ్ల ఇంట్లో ఏం కూర వండారో కూడా వీధికి తెలుసు. ఎవరూ చూడలేదు.

అక్టోబరులో తిరిగొచ్చాక ఇచ్ఛాపురం వెళ్లాను. బావగారికి డెబ్బై దాటాయి, మందు మానేశారు, యాలక్కాయలు మానలేదు. అరుగు మీద కూర్చోబెట్టి న్యూయార్కు బార్లన్నీ వరసగా చెప్పించుకున్నారు. జూలియస్‌లో గ్లాసు మీద చెయ్యి పెట్టారన్నప్పుడు, “కిటికీలున్నాయేటి దానికి?” అన్నారు.

“ఉన్నాయి బావా. ఇప్పుడు వీధిలోకి అన్నీ కనిపిస్తాయి.”

“తెరల్లేవూ?”

“లేవు.”

కాసేపు ఏమీ అనలేదు. తరవాత నా ఫోను అడిగి, ఆ పార్కు ఫోటో తీయించి, రెండువేళ్లతో పెద్దది చేశారు. నన్ను పక్కకి జరిపారు. బొమ్మల్ని జరిపారు. అక్క లోపల్నుంచి వస్తున్న చప్పుడైతే ఫోను బోర్లించి, ఆవిడ నీళ్లు పెట్టి వెళ్లాక మళ్లీ తిప్పారు.

“చిక్కారు” అన్నారు.

“ఎవరు బావా?”

“ఇద్దరూనూ.”