గంపగుత్త ఒప్పుకోలు

పాపాలు ఒప్పుకోవడానికి మా గుంటూరు జిల్లా వాళ్లం ఎంత సుళువైన పద్ధతి కనిపెట్టామో లోకానికి ఇంకా తెలియదు. ఆదివారం చర్చిలో పాస్టరు అయ్యగారు ఆరాధన క్రమం పుస్తకం తెరుస్తారు. తలంపుల్లో, మాటల్లో, క్రియల్లో పాపం చేశామని అందరం ఒక్క గొంతుతో చదువుతాం. ఇరవై సెకన్ల పని. ఏ తలంపు, ఏ మాట, ఎవరి మీద ఏ క్రియ అన్న వివరాల్లోకి ఎవరూ పోరు. సొంతంగా ప్రార్థన చేసుకునేటప్పుడు 'తెలిసీ తెలియక చేసినవి కూడా క్షమించు తండ్రీ' అని ఇంకో ముక్క కలుపుతాం. తెలిసి చేసినవాటిని తెలియక చేసినవాటి కింద సర్ది, మామిడి కాపు అమ్మినట్టు గంపగుత్తగా అప్పగించేస్తాం.

వెనకటివాళ్లకి ఈ కిటుకు తెలియక నానా అవస్థలూ పడ్డారు. 1215లో నాలుగో లాటరన్ మహాసభ, విశ్వాసులు ఏడాదికి ఒక్కసారైనా గురువు దగ్గర పాపాలు చెప్పుకోవాలని నియమం పెట్టింది. కతోలికులు దాన్ని పాపసంకీర్తనం అంటారు. అందులో ఒక చిక్కుంది. దొంగిలించానని చెబితే సరిపోదు, సొమ్ము తిరిగి ఇచ్చెయ్యాలి. ఇలాంటి షరతులు పెడితే జనం ఏం వస్తారు?

మా లూథరన్ సంఘాలకి మూలపురుషుడు మార్టిన్ లూథర్ మఠంలో ఉన్న రోజుల్లో గంటల తరబడి పాపాలు చెప్పుకునేవాడట. వినే గురువు స్టౌపిట్జ్ గారికే విసుగొచ్చేదట. ఆ లూథరే 1517లో, టెట్జెల్ అనే ఆయన పాపపరిహార పత్రాలు అమ్ముతుంటే మండిపడి 95 సిద్ధాంతాలు రాశాడు. ఆ డబ్బులో సగం రోములో సెయింట్ పీటర్స్ చర్చి కట్టడానికి, సగం మైంట్స్ ఆర్చిబిషప్పు ఫుగ్గర్లనే షావుకార్ల దగ్గర చేసిన బాకీకి. జనం పాపాలు మాఫీ అవుతున్నాయనుకుంటే, మాఫీ అయింది బిషప్పు గారి అప్పు. లూథర్ బోధ అమెరికా నుంచి వచ్చిన మిషనరీ హేయర్ గారి వెంట ఓడెక్కి 1842లో గుంటూరు చేరింది. డబ్బు కట్టక్కర్లేదన్న మాట మేం వెంటనే పట్టుకున్నాం. విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపంగానే సాగాలని ఆయన మొదటి సిద్ధాంతంలోనే రాశాడు గానీ, అదెందుకో ఓడ దిగలేదు.

ఇక ప్రభువు నేర్పిన ప్రార్థన. అందులో క్షమించమని అడిగే చోట ఇంగ్లీషులో చాలామంది ట్రెస్‌పాస్ అన్న మాట వాడతారు. దానికి పక్కవాడి పొలంలో అడుగు పెట్టడం అనే అర్థం కూడా ఉంది. ఆ మాట నాకు పడదు, ఎందుకో తర్వాత చెబుతాను. మన బైబిల్లో హాయిగా 'మా ఋణములు క్షమించుము' అని ఉంది. తెలుగువాడికి ఇంతకన్నా బాగా అర్థమయ్యే వేదాంతం లేదు. 2014లో రెండు రాష్ట్రాల్లోనూ రుణమాఫీ చూసినవాళ్లం. విడతలు, ఆధార్, పాస్‌బుక్కు, జాబితాలో పేరు లేదని బ్యాంకు చుట్టూ తిరగడం. పరలోకం మాఫీకి ఈ తిప్పలేవీ లేవు. ఒకే ఒక్క మెలిక, 'మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము' అని. ఆ ముక్క వచ్చేసరికి మా గుడిలో చాలామందికి దగ్గు వస్తుంది.

ఆ మెలిక మీదే మత్తయి 18లో ఒక కథ ఉంది. ఒక దాసుడు రాజుకి పదివేల తలాంతులు బాకీ. దేనారం అంటే ఒక రోజు కూలి, తలాంతు అంటే ఆరువేల దేనారాలు. వెరసి 6 కోట్ల రోజుల కూలి. రాజు మొత్తం కొట్టేశాడు. ఆ దాసుడు బయటికొచ్చి, తనకి 100 దేనారాలు బాకీ ఉన్నవాడి గొంతు పట్టుకున్నాడు. 2005లో ఉపాధి హామీ చట్టం రాసుకున్నన్ని రోజుల కూలి అది. అందరూ దాసుణ్ణే తిడతారు. నాకైతే వసూళ్లు తెలిసిన మనిషిలా కనిపిస్తాడు.

సంగతేమిటంటే, నా మీద కూడా ఒక నింద ఉంది. నాన్న పోయాక పంచుకున్న చేలో నాకూ మా తమ్ముడికీ మధ్య ఒక గట్టు. ఏటా నాట్ల ముందు నావైపు పారతో చెక్కించి, ఆ మట్టి అటువైపు వేయిస్తాను. శుభ్రత కోసం. ఆరేళ్లలో గట్టు రెండడుగులు నడిచింది. సరిహద్దు రాయి తీసేసినవాడు శాపగ్రస్తుడని ద్వితీయోపదేశకాండం 27లో ఉంది, దానికి ప్రజలందరూ ఆమేన్ అనాలని కూడా ఉంది. నేనూ అన్నాను, గట్టిగానే. అయినా అది రాయి గురించి. మాది మట్టి గట్టు.

మొన్న డిసెంబరు 31 రాత్రి, పన్నెండుకి పది నిమిషాలుందనగా, ఈ ఏటి పాపాలు ఒప్పుకోండన్నారు అయ్యగారు. మోకాళ్ల మీద పడి నేను ఏడ్చిన ఏడుపు మైకు లేకుండానే వెనక వరుసకి వినబడింది. దేవుడి దగ్గర ఏదీ దాచలేదు. గట్టు సంగతి కొలతలతో సహా చెప్పాను. మనసు తేలికైపోయింది.

లేచి చూస్తే పక్క చాప మీద మా తమ్ముడు. 'హ్యాపీ న్యూ ఇయర్ అన్నయ్యా' అని చెయ్యి పట్టుకుని, వదలకుండా మెల్లగా అడిగాడు.

'గట్టు సంగతి చెప్పావా ఆయనకి?'

'చెప్పాన్రా.'

'ఏమన్నాడు?'

'క్షమించాడు.'

'పొలం నాది కదా అన్నయ్యా.'

వేదాంతం తెలియనివాళ్లతో ఇదే గొడవ. పైకోర్టు కొట్టేసిన కేసుని మళ్లీ మండలాఫీసులో తెరుస్తారు. అర్పణ బలిపీఠం దగ్గరే వదిలి ముందు సహోదరుడితో సమాధానపడమన్న వచనం ఎత్తాడు వాడు. నేను డెబ్బై ఏళ్ల మార్లు క్షమించమన్న వచనం ఎత్తాను. ఏళ్లంటే ఇక్కడ ఏడులు, వెరసి 490 సార్లు. ఏడాదికోసారి చొప్పున ఆరు అయిపోయాయి, ఇంకా 484 ఉన్నాయి. ఏడాదికి నాలుగంగుళాల లెక్కన నూట అరవై అడుగుల పైమాటే. వాడి చేను అంత వెడల్పు లేదనుకోండి. పక్కనే ఉన్న అయ్యగారు జక్కయ్య నాలుగంతలు తిరిగిచ్చాడని గుర్తుచేశారు. రెండడుగులకి నాలుగంతలంటే ఎనిమిది అడుగులు, నా బోరు కూడా పోతుంది. జక్కయ్య సుంకాలు వసూలు చేసేవాడు, నేను రైతుని. ఆయన లెక్క నాకెలా వర్తిస్తుంది?

గుమ్మం దగ్గర, కొత్త ఏటికి తలా ఒక బైబిలు వచనం తీసుకునే వాగ్దాన కార్డుల పళ్లెం పెట్టారు. కళ్లు మూసుకుని ఒకటి తీశాను. 16వ కీర్తన, 6వ వచనం: 'మనోహర స్థలములలో నాకు పాలు ప్రాప్తించెను.' పాలంటే వాటా. తెల్లారగానే లామినేషన్ చేయించి, గట్టు పక్కన బోరు స్టార్టరు పెట్టెకి తగిలించాను. మా తమ్ముడు నీళ్లు కట్టుకోవడానికి వచ్చినప్పుడు చదువుకుంటాడు.