ఊకదంపుడు కళాఖండం

మిర్యాలగూడ దగ్గర కొత్తగా తెరిచిన హోటల్‌కు మామను భోజనానికి తీసుకెళ్లడం నాదే తప్పు. గోడ మీద పాత రైసుమిల్లు పుల్లీ, దాని చుట్టూ పువ్వు రేకుల్లా ఎలివేటర్ బకెట్లు. పక్కనే అరిగిన రబ్బరు రోలర్లు రెండు, మధ్యలో బల్బు. కింద ఇత్తడి పలక: 'శ్రమ నిశ్శబ్దం'.

కళంటే గౌరవం ఉన్నవాణ్ని, చేతులు కట్టుకుని నిలబడ్డాను. మామ ముప్పై ఏళ్లు మిల్లులో పనిచేసిన మనిషి. ఆయనకు ఆ సంస్కారం అబ్బలేదు.

"జత కలవలే అల్లుడా. రెండు రోలర్లూ ఒక్క స్పీడుల తిరగయి. ఆ తేడాకే వడ్ల పొట్టు ఊడేది. జోరుగ తిరిగేది ముందు అరుగుతది. ఈ రెండూ జోరువే."

"నిశ్శబ్దం గురించి ఏమంటావు మామా?" అని అడిగాను. "ఆఁ?" అన్నాడు. మిల్లు మోతకు ఆయన ఎడమ చెవి ఎప్పుడో పోయింది. ఆ లెక్కన పలకలో అబద్ధమేమీ లేదు.

మెనూ కార్డులో 'ప్రాచీన యంత్ర వారసత్వం' అని కూడా వేశారు. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలింది 1967లో. ఆ నీళ్లకు వరి, ఆ వరికి మిల్లులు. అప్పటికే మా మామ బడి ఎగ్గొట్టి చెరువులో ఈత కొడుతున్నాడు. అంటే ఆయన శాతవాహనుల నాటివాడన్నమాట. ఇక రోడ్డు అవతల 'వారసత్వం' ఇంకా ఉప్పుడు బియ్యం ఉడకబెడుతూనే ఉంది. దాని బూడిద లోపలికి రాకుండా అద్దాలు గట్టిగా బిగించారు.

ప్రభుత్వానికి నాదొక విన్నపం. క్వింటాలు వడ్లిస్తే మిల్లరు 67 కిలోల పచ్చి బియ్యం, ఉప్పుడైతే 68 కిలోలు తిరిగివ్వాలని లెక్క ఉంది కదా. క్వింటాలు పాత ఇనుముకు కళాకారుడు ఎన్ని కిలోల చరిత్ర అప్పజెప్పాలో కూడా తేల్చండి. నూకలెన్ని, తవుడెంత, ఊకెంత, అన్నీ రాయాలి. రైతు వడ్లలో తేమ 17 శాతం దాటితే మీటరు పెట్టి మరీ పట్టుకుంటాం. కవిత్వంలో తేమకు ఏ మీటరూ లేకపోవడం అన్యాయం.

బిల్లు కట్టేటప్పుడు మేనేజరు గర్వంగా చెప్పాడు, ఆ గోడ ఒక్కదానికే లక్షన్నర అయిందని.

మామకు ఈసారి బాగానే వినబడింది.

"తరుగు తీసినంకనా, తీయకముందా?"