గరాజ్ ఉన్నవాళ్లకే ఎలక్ట్రిక్ కారు

ఎలక్ట్రిక్ కారు కొనమని సలహా ఇచ్చేవాళ్లని నేను ముందు ఒకటే అడుగుతాను: మీకు సొంత గరాజ్ ఉందా? దాదాపు అందరూ ఉందనే అంటారు. రాత్రి ప్లగ్ పెట్టి పడుకుని, పొద్దున్నే నిండు బ్యాటరీతో బయల్దేరే సుఖం నిజమే, కాదనను. కానీ ఇక్కడ కాలిఫోర్నియా బే ఏరియాలో మనవాళ్లు చాలామంది ఇంకా అద్దె అపార్ట్‌మెంట్లలోనే ఉన్నారు.

వాళ్ల లెక్క చూడండి. బయట ఫాస్ట్ చార్జర్ దగ్గర యూనిట్ 50 సెంట్లు అనుకుందాం. యూనిట్‌కి మూడున్నర మైళ్లు వస్తే, మైలుకి 14 సెంట్లు. పెట్రోలు, బ్యాటరీ రెండిటి మీదా నడుస్తూ గాలనుకి 50 మైళ్లిచ్చే హైబ్రిడ్‌లో, గ్యాస్ (పెట్రోలు) గాలను నాలుగున్నర డాలర్లున్నా మైలుకి 9 సెంట్లే. పైగా ఆదివారం సాయంత్రం చార్జర్ ఖాళీ అయ్యేదాకా లైన్లో కూర్చోవాలి, వెనక సీట్లో పిల్లల గోల వింటూ. ఫెడరల్ ప్రభుత్వమిచ్చే 7,500 డాలర్ల టాక్స్ క్రెడిట్ కూడా 2025 సెప్టెంబరు 30తో పోయింది.

అద్దెకున్నవాళ్లు కూడా చార్జర్ పెట్టించుకోవచ్చని కాలిఫోర్నియాలో చట్టం ఉంది. ఖర్చు మాత్రం వాళ్లదే. ఏడాది లీజు మీద ఉంటూ, వీసా ఏమవుతుందోనని టెన్షన్ పడేవాళ్లు ఇంకొకరి గోడకి సొంత డబ్బుతో వైరు లాగిస్తారా?

నిజానికి అంత పెద్ద చార్జర్ అక్కర్లేదు. మామూలు 120 వోల్టుల ప్లగ్ గంటకి సుమారు 1.4 యూనిట్లు ఇస్తుంది. రాత్రి పది గంటలు పెట్టి ఉంచితే నలభై మైళ్ల దాకా వస్తాయి. రోజూ ఆఫీసుకి వెళ్లొచ్చేవాళ్లలో చాలామందికి అది సరిపోతుంది. పార్కింగ్‌కి ఒక ప్లగ్, దానికో మీటరు. అపార్ట్‌మెంట్ యజమానులకి ప్రభుత్వం పెట్టాల్సిన నిబంధన ఇది.

సొంతింటివాళ్లకీ అంతా సాఫీగా ఏమీ లేదు. 2023 ఏప్రిల్ 14 తర్వాత సోలార్‌కి దరఖాస్తు పెట్టినవాళ్లకి, గ్రిడ్‌కి ఇచ్చే కరెంటు రేటు బాగా తగ్గించేశారు. అంటే ఆ కరెంటు మనమే వాడుకుంటేనే లాభం. కానీ సోలార్ పలకలు జోరుగా కరెంటు తీసే మధ్యాహ్నం కారేమో ఆఫీసు పార్కింగ్‌లో ఉంటుంది. ఇంటికొచ్చే వేళకి, సాయంత్రం 4 నుంచి 9 దాకా, కరెంటు మహా ఖరీదు. అందుకే చార్జర్లు ముందు ఆఫీసుల దగ్గర రావాలంటాను.

హైదరాబాద్‌లో అమ్మానాన్నల ఫ్లాట్ల దగ్గరా ఇదే తంతు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఎలక్ట్రిక్ బండ్లకి రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు 2026 డిసెంబరు దాకా మాఫీ చేసింది. బండి చవగ్గా వచ్చింది సరే, సెల్లార్‌లో ప్లగ్ పాయింట్ సంగతి? కామన్ మీటరు బిల్లు ఎవరు కట్టాలన్న దగ్గరే అసోసియేషన్ మీటింగ్ ఆగిపోతుంది.

ప్రస్తుతానికి అపార్ట్‌మెంట్‌లో ఉండే తమ్ముళ్లు, చెల్లెళ్లు అడిగితే హైబ్రిడ్ కొనుక్కోమనే చెబుతున్నాను. లీజు రెన్యువల్ అప్పుడు మాత్రం ప్లగ్ సంగతి మేనేజర్‌ని కాగితం మీద అడగమంటున్నాను. ఒక్కరు అడిగితే పట్టించుకోరు, పదిమంది అడిగితేగానీ కదలరు.