మాహిష్మతి సింహాసనం గారికి విన్నపం

మ.రా.రా.శ్రీ మాహిష్మతి సింహాసనం గారి దివ్య సముఖమునకు,

ఒక సామాన్య ప్రేక్షకుడు వ్రాసుకొను విన్నపములు. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి చుట్టూ తిరిగినవాళ్ళలో క్షేమంగా మిగిలింది ఎవరని అడగడం మర్యాద కాదు కాబట్టి అడగను.

ఉత్తరం రాయాల్సింది 'బాహుబలి' సినిమా తీసిన దర్శకుడు రాజమౌళిగారికో, కథ అల్లిన విజయేంద్రప్రసాద్‌గారికో కదా, కుర్చీకి రాయడమేమిటని మా ఇంట్లో నవ్వారు. వాళ్ళు కథ చెప్పారు, అంతే. ఆ కథలో జరిగిన ఘోరాలన్నీ తమరి పేరు మీదే జరిగాయి. తమరి బానిస కట్టప్ప కత్తి దూసింది సింహాసనానికి ఇచ్చిన మాట కోసం. రాజమాత శివగామి కొడుకులాంటి బాహుబలిని చంపించింది సింహాసనం పరువు కోసం. ఆవిడ భర్త బిజ్జలదేవుడు బతుకంతా విషం కక్కింది తనకు దక్కని సింహాసనం కొడుక్కైనా దక్కాలని. ఆ కొడుకు భల్లాలదేవుడి సంగతి చెప్పేదేముంది. ఇంతమంది ఇన్ని చేసి తమరి వైపు వేలు చూపిస్తే, తమరు ఒక్క మాటా అనలేదు. కొయ్యకూ బంగారానికీ నోరుండదని నాకూ తెలుసు. ఆ నోరు లేకపోవడమే మీ అసలు అర్హతేమోనని ఈ మధ్య అనుమానం వస్తోంది.

2015 జూలై 10న మొదటి భాగం వచ్చింది. చివర్లో కట్టప్ప కళ్ళనీళ్ళు పెట్టుకుని, బాహుబలిని చంపిన ద్రోహిని నేనేనని చెప్పాడు. బొమ్మ అయిపోయింది. లైట్లు వేశారు. రెండో భాగం 2017 ఏప్రిల్ 28న గానీ రాలేదు. మధ్యలో ఇరవై ఒక్క నెలల పైచిలుకు. అన్నాళ్ళూ ఈ దేశంలో భాషాభేదం లేకుండా జనమంతా అడిగిన ప్రశ్న ఒక్కటే: కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? దానికి ఇంగ్లీషులో డబ్ల్యూకేకేబీ (వై కట్టప్ప కిల్డ్ బాహుబలి) అని పొట్టిపేరు కూడా పుట్టింది. పెళ్ళిపందిట్లో అదే, ఆఫీసు క్యాంటీన్‌లో అదే. చంపింది కట్టప్ప, విచారణ చేసింది మేము.

ఏమేం సిద్ధాంతాలు తయారయ్యాయో విన్నారా? అసలు బాహుబలి చావలేదని ఒకడు. చచ్చింది వేరేవాడని ఇంకొకడు. బాహుబలే తనను చంపమని కట్టప్పను వేడుకున్నాడని ఒక త్యాగవాది. భల్లాలుడు విముక్తి ఆశ చూపించాడని ఒకరు, కట్టప్ప మనుషులెవరినో బందీలుగా పట్టుకున్నాడని మరొకరు. శివగామే ఆజ్ఞాపించి ఉంటుందని సరిగ్గా ఊహించినవాళ్ళూ ఉన్నారు. కానీ వాళ్ళు కూడా అక్కడితో ఆగలేదు. ఆ ఆజ్ఞ వెనక ఒక జోస్యం, దాని వెనక ఒక శాపం, దాని వెనక లోకకల్యాణం ఉండాలని పట్టుబట్టారు. అంత మంచివాడు అంత నీచమైన పని ఊరికే చేస్తాడా అన్నదే అందరి బాధ. గమనించారా, ఒక్కరు కూడా ప్రాసిక్యూషన్ వైపు నిలబడలేదు. అందరూ కట్టప్ప తరఫు వకీళ్ళే. ఫీజు కూడా పుచ్చుకోలేదు.

నిజానికి దగ్గరగా వచ్చింది హాస్యగాళ్ళు. 'ఎందుకు చంపాడు?' అంటే 'డైరెక్టర్ చంపమన్నాడు కాబట్టి' అని ఒక జోకు అప్పట్లో తెగ తిరిగింది. నవ్వి వదిలేశాం. తీరా 2017లో టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళి చూస్తే సమాధానం అదే: చంపమన్నారు కాబట్టి చంపాడు. అన్నది డైరెక్టర్ కాదు, రాజమాత. అంతే తేడా.

ఆ మధ్యలో కట్టప్ప ఒకసారి విచారం ప్రకటించాడు కూడా. బాహుబలిని చంపినందుకు కాదు. ఆ వేషం కట్టిన సత్యరాజ్‌గారు కావేరి నీళ్ళ గొడవలో ఎప్పుడో ఏదో అన్నారని, రెండో భాగాన్ని ఆడనివ్వమని కర్ణాటకలో కొన్ని సంఘాలు కూర్చుంటే, విడుదలకు కొద్ది రోజుల ముందు ఆయన విచారం వ్యక్తం చేయాల్సి వచ్చింది. బాహుబలి వీపులో కత్తి దించినందుకు మాత్రం ఎవరూ సంజాయిషీ అడగలేదు. (వెన్నులో పొడిచాడు కాబట్టి దాన్ని ఏమనాలో తెలుగువాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఆ మాట ఎత్తితే ఈ ఉత్తరం మాహిష్మతి దాటి ఇంకెక్కడికో పోతుంది.)

ఇక రాజమాతగారి న్యాయం. మొదటి భాగంలో ఆవిడకు నేనూ చేతులెత్తి మొక్కాను. దండెత్తి వచ్చిన కాలకేయుణ్ణి చంపింది భల్లాలుడే అయినా, శత్రువు డాలుగా నిలబెట్టిన సొంత జనాన్ని తొక్కుకుంటూ పోయాడని, వాళ్ళను కాపాడినవాడు బాహుబలి అని, రాజ్యం బాహుబలికి ఇచ్చింది. గెలుపు కన్నా ప్రాణాలు ఎక్కువన్న మహాతల్లి. రెండో భాగానికి వచ్చేసరికి, ముఖం కూడా చూడని కుంతల రాకుమారి దేవసేనను నీకిచ్చి చేస్తానని భల్లాలుడికి మాట ఇచ్చేసింది. ఆ పిల్లను అడగాలన్న ఊహే రాలేదు. పంపిన నగలను దేవసేన తిప్పికొట్టేసరికి, బందీగా పట్టి తెమ్మని బాహుబలికి కబురు. అతనేమో అంతకుముందే ఆ పిల్లకు మనసిచ్చి ఉన్నాడు. కబురు అందాక, నీ మానానికి నేను పూచీ అని మాట కూడా ఇచ్చాడు. తల్లి ఇచ్చిన మాటొకటి, కొడుకు ఇచ్చినదొకటి. రెండూ నిండుసభలో ఎదురుపడ్డాయి. ఒక మాటకు పెళ్ళికూతురి అనుమతి ఉంది, ఇంకోదానికి లేదు. చిన్న తేడాయే. కానీ ఆ తేడా మీద కూర్చునే తీరిక తమరి మీద కూర్చున్నవాళ్ళకు ఉండదు.

బాహుబలి తమరిని వదులుకుని దేవసేన చెయ్యి పట్టుకున్నాడు. కుర్చీ వద్దన్న మొనగాడని మేం హాల్లో కాగితాలు ఎగరేశాం. అతనిలో లోపం లేదని కాదు. సేనాపతి సేతుపతి గుడి దగ్గర ఆడవాళ్ళ మీద చెయ్యి వేస్తే దేవసేన వాడి వేళ్ళు నరికింది. ఆ విచారణకు వచ్చిన బాహుబలి, నరకాల్సింది వేళ్ళు కాదని తలే నరికేశాడు. సాక్షిని పిలవలేదు, వాణ్ణి ఒక్క ప్రశ్న అడగలేదు. విజిళ్ళతో హాలు దద్దరిల్లింది. నేనూ వేశాను. ఆ తర్వాత కొద్దిసేపటికే శివగామి కూడా సరిగ్గా అదే పద్ధతిలో, అవతలివాడి మాట వినకుండా, బాహుబలిని చంపమంది. అప్పుడు మాత్రం అన్యాయం, అన్యాయం అని కుర్చీల్లో కదిలాం. అదే రాజ్యం, అదే కత్తి న్యాయం. మెడ మాత్రం మారింది.

నన్ను ఎక్కువగా కుదిపింది ఆ పట్టాభిషేకం. భల్లాలుడు రాజుగా, బాహుబలి సర్వసైన్యాధ్యక్షుడిగా ప్రమాణం చేసిన రోజు. బాహుబలి ప్రజల ధనానికీ మానానికీ ప్రాణానికీ కాపలాగా ఉంటానని ప్రమాణం చేశాడు. జనం అరిచిన అరుపుకి నేల అదిరింది. అదే ప్రాంగణంలో కట్టప్ప కూడా ఉన్నాడు. అతనికీ ఒక ప్రమాణం ఉంది. అది అతను చేసింది కాదు, ఎన్నడో తాతముత్తాతలు చేసింది: మా వంశమంతా సింహాసనానికి బానిసలం అని. ఒకడి మాట జనానికి, ఒకడి మాట కుర్చీకి. రెంటినీ మేం ఒకే గంపలో వేసి 'మాట మీద నిలబడ్డ మగాళ్ళు' అని పొగిడాం. తమరికి ఇంత విలువ తెచ్చిపెట్టింది ఆ గంపే.

దేవసేన బంధువు కుమారవర్మనే పిరికివాణ్ణి రెచ్చగొట్టి భల్లాలుడి మీదికి పంపి, వాణ్ణి చంపి, ఇదంతా బాహుబలి పన్నాగమని శివగామి ముందు పెట్టారు తండ్రీకొడుకులు. ఆవిడ నమ్మింది. బహిరంగంగా శిక్షిస్తే జనం తిరగబడతారు కాబట్టి గుట్టుగా కానిమ్మని కట్టప్పకు చెప్పింది. కట్టప్ప కాళ్ళ మీద పడ్డాడు, ఏడ్చాడు. నువ్వు చెయ్యకపోతే నేనే చేస్తానంది ఆవిడ. అప్పుడు కట్టప్ప వెళ్ళి, తాను ఆపదలో ఉన్నట్టు నమ్మించి, మామా అని పరుగెత్తుకొచ్చినవాణ్ణి వెనక నుంచి పొడిచాడు. చనిపోతూ కూడా అతను అమ్మను చూసుకోమన్నాడు. హాలంతా ఏడుపు. బయటికొచ్చాక నా పక్కనున్నవాళ్ళు ఏమన్నారో తెలుసా? 'పాపం, కట్టప్ప!' పొడిపించుకున్నవాడు అమరుడైపోయాడు కాబట్టి వాడికి పాపం అక్కర్లేదు కాబోలు.

పాపమే. కాదనను. కానీ ఆ తర్వాత పాతికేళ్ళ మాటేమిటి? నిజం తెలిసింది. శివగామే బాహుబలి కొడుకు, పసివాడు మహేంద్రుణ్ణి రాజుగా ప్రకటించి, వాణ్ణి పట్టుకుని పారిపోతూ ఏట్లో ప్రాణం విడిచింది. ఇంత జరిగాక కూడా కట్టప్ప తెల్లారి లేచి భల్లాలుడి కొలువులో హాజరు వేయించుకున్నాడు. పాతికేళ్ళు. అస్లం ఖాన్ అనే ఆయుధాల వ్యాపారి వచ్చి, నీ పనితనానికి మెచ్చాను, ఎంతైనా ఇచ్చి నిన్ను విడిపిస్తానంటే, వద్దు బాబూ, మా పెద్దలు మాట ఇచ్చారన్నాడు. అప్పుడూ మేం చప్పట్లు కొట్టాం. మా తప్పు మాత్రం ఏముంది? ఆలిని అమ్ముకుని అయినా మాట నిలబెట్టుకున్న హరిశ్చంద్రుడికి, కాటిసీనులో పద్యం పద్యానికీ వన్స్ మోర్ కొట్టిన చేతులివి. అమ్ముడుపోయిన చంద్రమతిని ఎవరూ వన్స్ మోర్ అడగలేదు. నిండుసభలో ద్రౌపదిని ఈడుస్తుంటే ధర్మం సూక్ష్మమని గడ్డం నిమురుకున్న భీష్ముడికి పితామహుడని పేరు పెట్టుకున్నాం. కట్టప్ప మాకు కొత్తవాడేం కాదు. గుండు కొత్తది.

అసలు మొదటి భాగం వదిలి వెళ్ళిన ప్రశ్నలు రెండు. ఒకటి దేశమంతా అడిగింది. రెండోది అదే కోటలో, నడిబజారులో పెట్టినట్టు, అందరి కళ్ళ ముందే ఉంది. పాతికేళ్ళుగా గొలుసులతో కట్టేసిన ఆడమనిషి, భల్లాలుడి చితికి ఒక్కో పుల్లా ఏరుకుంటూ. ఆవిడ నేరమేమిటి? ఇన్నేళ్ళు ఆవిణ్ణి చూస్తూ తిరిగిన సైనికులు, పరిచారికలు, సామంతులు, కట్టప్పతో సహా, అన్నం ఎలా తిన్నారు? ఈ ప్రశ్నకు పొట్టిపేరు పెట్టినవాడు నాకు కనపడలేదు. చచ్చిపోయిన వీరుడి మీద వేల సిద్ధాంతాలు. బతికున్న దేవసేన మీద ఒకటీ అరా. ఆవిడను మేం మరీ సులువుగా అర్థం చేసుకున్నాం: కొడుకు వస్తాడు, విడిపిస్తాడు. నిజంగానే వచ్చాడు, విడిపించాడు. దాంతో ప్రశ్న కొట్టివేయబడింది.

2025 అక్టోబరు 31న రెండు భాగాలనూ కలిపి ఒకే బొమ్మగా మళ్ళీ వదిలారు. చూడని కుర్రకారు వెళ్ళారు. కట్టప్ప నేనే చంపాను అనడం, ఎందుకో తెలియడం అంతా ఒకే ఆటలో అయిపోయింది. ఇరవై ఒక్క నెలల చర్చకు దిక్కులేకుండా పోయింది. వాళ్ళలో ఒకడు, మా బంధువుల పిల్లాడే, పాప్‌కార్న్ నములుతూ ఒక్క మాట అన్నాడు: 'అదేంటి, చెయ్యనని చెప్పొచ్చుగా?' వాడికి తమరి మహిమ ఇంకా ఎక్కలేదు. మేం ఎక్కించే ప్రయత్నంలో ఉన్నాం, తమరు కంగారు పడవద్దు.

ఇక అసలు విన్నపం. భల్లాలుడు దేవసేన పేర్చిన చితిలో కాలిపోయాడు. అతని బంగారు విగ్రహం తల ఏట్లో కొట్టుకుపోయింది. మహేంద్ర బాహుబలి తమరి మీద కూర్చున్నాడు. చాలా సంతోషం. అయితే నేను చివరిదాకా లేవకుండా చూశాను, పేర్లు పడేదాకా. కట్టప్ప వంశం బానిసత్వం రద్దయినట్టు ఎక్కడా ఎవరూ ప్రకటించలేదు. గొలుసులు తెగింది దేవసేనవి మాత్రమే. మహేంద్రుడు మంచివాడే, కాదనను. వాళ్ళ నాయనమ్మ కూడా మంచిదే, బాహుబలిని చంపమన్న రోజున కూడా. రేపు ఎవడో ఇద్దరు కుట్రదారులు మహేంద్రుడి చెవిలో ఏదో ఊదితే, ఆయన ఎవరి తల వైపో వేలు చూపిస్తే, కట్టప్ప ఏం చేస్తాడు? దీనికి సిద్ధాంతాలేమీ అక్కర్లేదు.

కాబట్టి తమరు దయచేసి విచారించి, పట్టాభిషేకం నాటి పత్రాల్లో కట్టప్పకు విముక్తి ఇచ్చినట్టు ఏదైనా కాగితం ఉంటే నకలు ఒకటి పంపించ ప్రార్థన. తపాలా ఖర్చులు నేనే పెట్టుకుంటాను.

ఇట్లు,
తమ విధేయుడు కానివాడు

తా.క.: జవాబు కట్టప్ప చేతికిచ్చి మాత్రం పంపకండి. మా ఇంట్లో అందరం తలుపు వైపు వీపు పెట్టి టీవీ చూస్తాం.